గుమ్మం పిన్ని

మా వైపు వీధులన్నీ మా పిన్నిని గుమ్మం పిన్ని అంటాయి. ఎదురుగా కాదు, చాటుగా. "గుమ్మం పిన్ని వస్తోంది, పిల్లకి టోపీ పెట్టండే" అని ఒకావిడ అంటే పక్కవాళ్ళు నవ్వుతారు. పిన్నికి ఆ నవ్వు వినిపిస్తుంది. అడుగు కాస్త గట్టిగా వేసి నడిచిపోతుంది.

ఆమె మా అమ్మ చెల్లెలు. నూలు మిల్లు వెనక ఉన్న చిన్న ఆసుపత్రిలో ఉద్యోగం. ఉద్యోగమంటే కుర్చీ, బల్ల అనుకునేరు, రెండూ లేవు. కాన్పయి ఇళ్ళకు వెళ్ళిపోయిన బాలింతల్ని వెతుక్కుంటూ వెళ్ళి పసిబిడ్డల్ని చూసి రావడం ఆమె పని. భుజాన సంచీ. అందులో స్ప్రింగు కాటా, దానికి తగిలించే గుడ్డ జోలె, థర్మామీటరు, సబ్బుముక్క. బిడ్డను జోలెలో పడుకోబెట్టి కాటా ఎత్తి పట్టుకుంటే ముల్లు కాస్త వణికి ఎక్కడో ఒకచోట ఆగుతుంది. మా వైపు అది పెద్దగా కిందికి దిగదు. మొహమాటానికి కదిలినట్టు కదిలి ఆగిపోతుంది.

మా వైపు పిల్లలు అలాగే పుడతారు, అరచేతిలో పట్టేలా. తల్లులు నొప్పులు దగ్గర పడేదాకా దారాల గదిలో నిలబడే పనిచేస్తారు కదా మరి. మిల్లు గాలిలో దూది పీచు ఎప్పుడూ తేలుతూ ఉంటుంది. నడక రాకముందే పిల్లలకు దగ్గు వచ్చేస్తుంది. వానలు పడితే మురిక్కాలవ కుళాయిలో కలుస్తుంది, వీధి వీధంతా విరేచనాలు. ఎండలు ముదిరితే జ్వరాలు, ఫిట్సు. "ఎంతమంది పిల్లలమ్మా?" అని అడిగితే మా ఆడవాళ్ళు ఒక్క అంకెతో సరిపెట్టరు. "పుట్టింది నలుగురు, ఉన్నది ముగ్గురు" అంటారు, బస్సు ఎన్నింటికో చెప్పినంత మామూలుగా.

వీటిని మా వాళ్ళు జబ్బులనుకోరు. అందరి పిల్లలకూ ఉన్నది జబ్బెలా అవుతుంది? పక్కింటి పిల్లాడి డొక్కలు కూడా కనిపిస్తుంటే మనింటి పిల్లాడి డొక్కలు ఎవరి కంటికి ఆనతాయి? మా వీధుల్లో అన్నిటికన్నా ఎక్కువ అరిగిపోయిన మాట "అందరికీ వచ్చేదేలే". దగ్గుకు అదే, విరేచనాలకు అదే. చిన్న మూటను చేతుల్లో పట్టుకుని మగవాళ్ళు వీధి చివరికి నడిచే రోజున కూడా ఎవరో ఒక ముసలావిడ ఆ మాటే అంటుంది. ఓదార్పనుకుని అంటుంది. నాకు ఒళ్ళు మండుతుంది.

పిన్ని కూడా ఆ మాట అనేది. మిగతా వాటికి కాదు, కామెర్లకు. పుట్టిన కొద్దిరోజులకు చాలామంది పసిబిడ్డలు పచ్చబడతారు. ఎక్కువమందికి దానంతట అదే తగ్గిపోతుంది. కొందరికి తగ్గదు. ముఖం నుంచి ఛాతీకి, పొట్టకు, అరిచేతులకు, అరికాళ్ళకు దిగుతుంది. అప్పుడిక బిడ్డను ఎత్తుకుని పరుగెత్తాలి. ఎవరికి తగ్గుతోందో, ఎవరికి దిగుతోందో కనిపెట్టడానికే పిన్నికి ఆ ఉద్యోగం ఇచ్చారు.

కనిపెట్టడం మా ఇళ్ళలో అంత తేలిక కాదు. మిల్లు కట్టించిన వరస గదులకు కిటికీలు లేవు. పైకప్పు సిమెంటు రేకుల మధ్య వెలుతురు కోసం ఒక్కో ప్లాస్టిక్ రేకు వేశారు. వేసినప్పుడు తెల్లగా ఉండేదట. ఎండకు మాగి మాగి పాచిపళ్ళ రంగుకు తిరిగింది. పట్టపగలు గదిలో నిలబడితే గోడ, చొక్కా, కంచంలో అన్నం, మనిషి, అన్నీ పచ్చటివే. అందుకే పిన్ని బిడ్డను ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చేది. బయటి వెలుతురులో ఛాతీ మీద బొటనవేలితో మెల్లగా నొక్కి వదిలేది. నొక్కిన చోట చర్మం ఏ రంగులో ఉందో చూసేది. తర్వాత అరికాళ్ళు తిప్పి చూసేది. తల్లులు బెదిరిపోతే, "ఆ రేకు కింద నేనూ పచ్చగానే ఉంటాను, నాకేమైనా కామెర్లా? అందరికీ వచ్చేదేలే, పాలు బాగా పట్టు" అని నవ్వించేది. ఎవరైనా ముసలమ్మ "గాలి తగుల్తుందే" అని సణిగితే పోనీలే అని లోపలే చూసి వచ్చేసిన రోజులు కూడా ఉన్నాయి. అప్పటికింకా ఆమెకు ఆ పేరు పడలేదు.

పిన్నికి ఒక్కతే కూతురు, నాకు చెల్లి. నల్లగా ఉంటుంది. పెళ్ళయ్యేదాకా ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ పట్టలేదు. వాళ్ళ అత్తగారికి మాత్రం చూపులనాడే పట్టింది. ఆవిడ భర్త మిల్లులో మేస్త్రీ, ఆవిడ వీధికి మేస్త్రీ. "కరెంటు పోతే మా కోడల్ని చేత్తో తడుముకోవాలమ్మా. నవ్విందంటేనే ఎక్కడుందో తెలిసేది" అని నలుగురిలో అనేది. అందరూ నవ్వేవాళ్ళు. చెల్లి నవ్వడం మానేసింది.

కాన్పు పిన్ని పనిచేసే ఆసుపత్రిలోనే అయింది. ఆడపిల్ల. మంచాలు చాలవని మర్నాడే పంపించేశారు. పగలంతా వీధులు తిరిగే పిన్ని బాలింతను ఎలా చూసుకుంటుంది? చెల్లి అత్తగారింటికే వెళ్ళింది.

ఆ తర్వాత రెండోనాడు పిన్ని అక్కడికి వెళ్ళింది. ఆ రోజు ఏం జరిగిందో నాకు ఆమే చెప్పింది. ఒక్కసారే చెప్పింది, మళ్ళీ ఎత్తలేదు.

గది నిండా ఇరుగుపొరుగువాళ్ళు. వియ్యపురాలు మనవరాల్ని ఒళ్ళో పెట్టుకుని రేకు కింద కూర్చుంది.

"రా వదినా, రా. చూడు నా బంగారాన్ని. అచ్చం మా అమ్మ రంగు. మీ వైపుది ఒక్క చుక్క అంటలేదు, బతికిపోయాం."

పిల్లకు అప్పటికే ఆ పేరు స్థిరపడిపోయింది, బంగారం అని. గోడకు ఆనుకుని చెల్లి కూర్చుని ఉంది. వీపు వెనక దిండు. చేతిలో వేడి పాలగ్లాసు. ఆ ఇంట్లో ఆమెకు ఎవరైనా గ్లాసు చేతికందించడం పిన్ని చూడటం అదే మొదటిసారి. పక్కింటావిడ "ఎంత పుణ్యం చేసుకున్నావే, ఇలాంటి పిల్లని కన్నావు" అంది. చెల్లి నవ్వింది. పళ్ళు కనిపించేలా నవ్వింది.

పిన్ని మనవరాల్ని ఎత్తుకుంది. ముద్దు పెట్టుకుంటున్నట్టే పెట్టుకుంటూ గుమ్మం వైపు నడిచింది.

"ఎక్కడికి వదినా?"

"ఒక్కసారి వెలుగులో చూద్దామని, వదినగారూ."

"నీ డ్యూటీ మా ఇంట్లో కూడానా? చుట్టంగా వచ్చావు, చుట్టంలా కూర్చో. పచ్చి పసిగుడ్డుకి గాలి తగలదూ?" అని, పక్కవాళ్ళ వైపు తిరిగి కన్నుగీటి, "నా మనవరాలి రంగు వెలిసిపోతుందేమో చూసుకుంటుందట" అంది.

గది గొల్లుమంది. చెల్లి నవ్వు మాత్రం ఆగిపోయింది. "అమ్మా, కూర్చో" అంది.

పిన్ని కూర్చుంది.

పిల్లను పాలకు పెట్టమంది. రెండు గుక్కలు తాగి బంగారం నిద్రలోకి జారిపోయింది. "ఏడుపనేదే తెలీదు వదినా, ఎంత బుద్ధిమంతురాలో" అని వియ్యపురాలు మురిసిపోయింది. పిన్ని ఆ రేకు కిందే పిల్ల ఛాతీ మీద నొక్కి చూసింది. పచ్చగా ఉంది. తన బొటనవేలూ పచ్చగా ఉంది. అరికాళ్ళు చూద్దామంటే వియ్యపురాలు కాళ్ళకు గుడ్డ చుట్టేసింది.

"అప్పుడు లేచి గుమ్మంలోకి ఎందుకు రాలేదు పిన్నీ?" అని నేనడిగాను. ఆమె చిక్కుడుకాయలు తుంచుతోంది.

"పెళ్ళయ్యాక దాని చేతిలో ఆ ఇంట్లో గ్లాసు చూడటం అదే మొదటిసారి. ఇది రంగు కాదమ్మా, జబ్బూ అని నేనంటే, వాళ్ళేమంటారు? మా పిల్ల అందం చూసి ఓర్వలేకపోయింది అంటారు. గ్లాసు పోతుంది, దిండు పోతుంది. రేపు మళ్ళీ వస్తాను కదా, ఒక్క రోజులో ఏమవుతుంది, అందరికీ వచ్చేదే కదా, అనుకున్నాను."

ఇంకో కాయ తుంచి, "మిగతా ఇళ్ళలో అయితే లేచేదాన్నే" అంది.

మర్నాడు ఆమె బయల్దేరేలోపే చెల్లి మొగుడు పిల్లను భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చాడు. నేను కబురందుకుని వెళ్ళేసరికి వరండాలో బంగారం ఏడుపు వినిపించింది. పసిబిడ్డ ఏడుపులా లేదు, గాజు మీద మేకు గీసినట్టుంది. మెడ వెనక్కి వంగిపోయి ఉంది. డాక్టరమ్మ గుడ్డ విప్పి అరికాళ్ళు చూసింది. వరండా వెలుతురులో అవి పచ్చగా మెరిశాయి.

"నీ మనవరాలేగా ఇది. నువ్వు చూళ్ళేదా?" అంది.

"చూశానమ్మా."

"ఎక్కడ?"

"లోపల," అంది పిన్ని.

డాక్టరమ్మ పెద్దాసుపత్రికి చీటీ రాసింది.

అక్కడ కామెర్లు తగ్గించే నీలం లైట్ల కింద, కళ్ళకు గంతలు కట్టిన పిల్లలు వరసగా పడుకుని ఉన్నారు. ఆ వరసలో చోటు ఖాళీ అయ్యేదాకా మేము గోడ పక్కన నిలబడాల్సి వచ్చింది. అందరూ మా లాంటి వీధుల నుంచి వచ్చినవాళ్ళే. ఒకావిడ మమ్మల్ని చూసి, చుట్టరికం కలుపుకుంటున్నట్టు, "మీకూ కామెర్లేనా? మా వైపూ ఎక్కువే" అంది. పిన్ని ఆవిడ ముఖంలోకి చూడలేదు. బంగారానికి రక్తం మార్చారు. రోజులు గడిచాయి. ఒక ఉదయం నర్సు వచ్చి, "గండం గడిచింది, తీసుకెళ్ళొచ్చు" అంది.

బతికింది. పచ్చదనం పోయింది. అది పోయాక కింద అసలు రంగు బయటపడింది. చెల్లి రంగే. వియ్యపురాలు పిల్లను ఒకసారి ఎత్తుకుని, వెలుతురులో తిప్పి చూసి, కోడలి చేతికిచ్చేసింది. ఆ రోజు నుంచి దిండూ లేదు, గ్లాసూ లేదు.

ఏడాది తిరిగాక ఒక మధ్యాహ్నం వంటగదిలో ఇత్తడి బిందె జారి రాతి నేల మీద పడింది. పక్క గదిలోవాళ్ళు కూడా ఉలిక్కిపడి వచ్చారు. బిందె పక్కనే కూర్చుని ఉన్న బంగారం తల ఎత్తలేదు. చేతిలో గుడ్డముక్కను విప్పుతూ, మడుస్తూ ఉంది. చెల్లి అదే బిందె తీసి మళ్ళీ పడేసింది. మళ్ళీ తీసి మళ్ళీ పడేసింది. మొగుడు వచ్చి చెయ్యి పట్టుకునేదాకా పడేస్తూనే ఉంది.

పెద్దాసుపత్రిలో చూపిస్తే ఆ కామెర్లే వినికిడి తినేశాయన్నారు. "మా వంశంలో చెవిటివాళ్ళు లేరు" అంది అత్తగారు. కొన్నాళ్ళకు చెల్లి పిల్లను తీసుకుని మా వెనక వరసలో గది చూసుకుని దారాల గదిలో పనికి చేరింది. మొగుడు అప్పుడప్పుడూ వచ్చి పోతుంటాడు, అద్దెకున్నవాడిలా.

తల్లితో చెల్లి మాట్లాడుతుంది. ఉప్పుందా, నీళ్ళొచ్చాయా, అంతవరకు. ఒక్కసారి మాత్రం నా ముందే అంది. "నువ్వు ఎత్తుకున్నావు. గుమ్మం దాకా వెళ్ళావు."

చెల్లి వెళ్ళిపోయాక నేను నోరు తెరవబోతే పిన్ని చెయ్యడ్డం పెట్టింది. "అది కూర్చోమందని నేనెవరికీ చెప్పలేదు. నీకూ చెప్పలేదు. తెలిసిందా?"

పేరు పడింది ఆ తర్వాతే. ఏ ఇంటికి వెళ్ళినా ముందు బిడ్డను గుమ్మంలోకి తేవాల్సిందే. గాలన్నా వినదు, దిష్టన్నా వినదు, బిడ్డ నిద్రపోతోందన్నా వినదు. ముసలమ్మలతో పోట్లాడేది. "అందరికీ వచ్చేదేగా" అని ఎవరైనా అంటే ఆమె ముఖం చూడాలి. ఆ మాట విన్నచోట ఆమె మంచినీళ్ళు కూడా తాగేది కాదు. వెనకాల జనం డాక్టరమ్మకు ఫిర్యాదు చేశారు, ఆవిడకు మతి చలించిందని. కొన్ని ఇళ్ళవాళ్ళు సంచీ కనబడగానే తలుపేసుకునేవాళ్ళు.

చెల్లి మిల్లుకు వెళ్ళే వేళ బంగారాన్ని చూసుకునేవాళ్ళు లేక పిన్ని తనతో తిప్పుకునేది. అప్పటికి దానికి నాలుగేళ్ళుంటాయి. చురుకైన పిల్ల, కళ్ళతోనే అంతా లాగేసుకుంటుంది. ఒకరోజు ఒక ముసలావిడ గడపకు అడ్డంగా నిలబడి బిడ్డను ఇవ్వనంది. పిన్నికి ఏమనిపించిందో, వీధిలోకి చూస్తూ నిలబడ్డ మనవరాల్ని వెనక నుంచి "బంగారం" అని పిలిచింది. తిరగలేదు. ఇంకా గట్టిగా పిలిచింది. తిరగలేదు.

"పుట్టినప్పుడు దీన్ని లోపలే చూశాను" అంది ముసలావిడతో.

ముసలావిడ పక్కకు జరిగింది.

అప్పట్నుంచి అదొక పద్ధతైపోయింది. తలుపు తెరవని ఇంటి ముందు పిల్లను వీధి వైపు తిప్పి నిలబెట్టడం, వెనక నుంచి పిలవడం. మిల్లులో ఎవత్తో చెల్లితో అందట, "మీ అమ్మ మీ పిల్లతో భలే ఆట ఆడిస్తోందే" అని. ఆ సాయంత్రం చెల్లి పీచు దులుపుకోకుండా నేరుగా వచ్చింది.

"దాన్ని కోతిలా ఆడిస్తున్నావా అమ్మా? నీ తప్పు కడుక్కోడానికి నా కూతురు సబ్బుబిళ్ళా?"

"మొన్న తలుపు తియ్యనివాళ్ళు పిల్లని ఆసుపత్రికి తెచ్చారు" అంది పిన్ని మెల్లగా.

"తేనీ. ఎవరి పిల్లల్ని వాళ్ళు తెచ్చుకుంటారు. నా పిల్లని ముట్టుకోకు."

మర్నాటి నుంచి బంగారం పక్కింటివాళ్ళ దగ్గర ఉండేది. పిన్ని ఒంటరిగా తిరిగేది. తలుపులు మళ్ళీ పడటం మొదలైంది.

ఈ మధ్య ఒక రోజు పొద్దు వాలే ముందు, నేను చెల్లి గదిలో స్టవ్వు బాగుచేస్తుంటే, పిన్ని వచ్చి గడప మీద కూలబడింది. లోపలికి రాలేదు. సంచీ దించలేదు. చెల్లి చూసీ చూడనట్టు బియ్యం ఏరుతోంది. చాలాసేపయ్యాక, తలెత్తకుండానే, "ఏమైంది?" అంది.

"చివరి వరసలో ఒక బిడ్డ. పొద్దున్నుంచి తిరుగుతున్నాను. తలుపు తియ్యరు."

"పాలు తాగుతోందా?"

"నిద్రమొద్దట. బుద్ధిమంతురాలట."

చెల్లి చేతిలో చేట ఆగింది. "రంగు?"

పిన్ని బంగారం వైపు చూసింది.

చెల్లి చేట కింద పెట్టింది. బంగారాన్ని దగ్గరికి లాక్కుని జుట్టు విప్పి, నూనె రాసి దువ్వడం మొదలుపెట్టింది. రెండు జడలు వేసింది. అంత నింపాదిగా ఎందుకు వేస్తోందో నాకు అర్థం కాలేదు. పొద్దు చూస్తే జారిపోతోంది. రిబ్బన్లు ముడేసి లేచి, "నువ్వు పిలవకు. నేను పిలుస్తాను" అంది తల్లితో.

నలుగురం నడిచాం. చివరి వరసలో ఆ తలుపు ఓరగా ఉంది. లోపల రేకు కింద బాలింత కూర్చుని ఉంది, చిన్నపిల్ల, చెల్లికి పెళ్ళయినప్పటి వయసు. అత్తగారు గడప దగ్గరకొచ్చింది. "మళ్ళీ వచ్చావా? పిల్ల బంగారంలా ఉందంటే నీకెందుకు గుమ్మం గోల?"

చెల్లి కూతుర్ని కుళాయి వైపు తిప్పి నిలబెట్టింది. కుళాయి కింద నీటి బొట్లు పడుతున్నాయి, బంగారం వాటిని చూస్తూ ఉండిపోయింది. చెల్లి గడప దాకా వెనక్కి నడిచింది.

"బంగారం" అని పిలిచింది.

వీధిలో ఇద్దరు ముగ్గురు పిల్లలు తిరిగి చూశారు.

"బంగారం" అని మళ్ళీ పిలిచింది. మామూలుగా పిల్లను అన్నానికి పిలిచినట్టే పిలిచింది. గొంతు పెంచలేదు. మూడోసారి పిలవలేకపోయింది.

లోపల్నుంచి బాలింత లేచి వచ్చింది. అత్తగారు చెయ్యడ్డం పెడితే ఆ చెయ్యి కిందుగా వంగి దాటుకుని వచ్చి, బిడ్డను పిన్ని చేతుల్లో పెట్టింది. వెలుతురు ఇంకా మిగిలే ఉంది. పిన్ని గుమ్మంలో నిలబడి బొటనవేలితో నొక్కి వదిలింది. గుడ్డ తొలగించి అరికాళ్ళు తిప్పి చూసింది.

"చెప్పులేసుకో అమ్మా" అంది బాలింతతో. "నడుస్తూ మాట్లాడుకుందాం."

వాళ్ళు ఆసుపత్రి వైపు వెళ్ళారు. అత్తగారు ఏదో తిట్టుకుంటూనే వెనకాల పరుగెత్తింది. నేను స్టవ్వు పట్టిన మసి చేతులతో అక్కడే నిలబడిపోయాను. చెల్లి కుళాయి దగ్గరికి నడిచి కూతురి వెనక నిలబడింది. బంగారం బొట్లనే చూస్తోంది. చెల్లి వంగి దాని భుజం మీద చెయ్యి వేసింది.

అప్పుడు తిరిగింది.